పాత తేదీల లెక్క: స్వామికన్ను పిళ్లె పట్టికలపై ఒక విమర్శ

రేణిగుంట కూడలిలో రైలు దిగినవానికి మూడు దిక్కుల మూడు క్షేత్రములు కలవు. పడమట తిరుపతి, దానిపైన తిరుమల, ఈశాన్యమున శ్రీకాళహస్తి, ఆగ్నేయమున, స్వర్ణముఖి సమీపమున, గుడిమల్లము. మూడు చోట్లను శిలాశాసనములున్నవి. వీనిలో కొన్ని శకవర్షము, సంవత్సర నామము, మాసము, పక్షము, తిథి, వారము అన్నియు చెప్పును. కొన్ని రాజు పేరు, ఆయన పాలనలో ఎన్నవ ఏడు అనుమాట మాత్రమే చెప్పి ఊరకుండును. పాఠ్యపుస్తకములో మాత్రము ఈ రెండు రకముల రాళ్ళును ఒకే తీరున కనబడును. ఫలాని రాజు ఫలాని ఏట, ఫలాని నెల, ఫలాని తేదీన దానము చేసెనని అచ్చుపడి యుండును. విద్యార్థి దానిని కంఠస్థము చేయును. ఆ తేదీ ఎక్కడనుండి వచ్చినదని అడిగినచో ఉపాధ్యాయుడు సైతము సామాన్యముగా జవాబు చెప్పలేడు.

దక్షిణ దేశ చరిత్రలోని ఇట్టి తేదీలలో పెక్కు ఒకే గ్రంథముతో సరిచూచినవి. దాని పేరు 'యాన్ ఇండియన్ ఎఫిమెరిస్'. కర్త దివాన్ బహదూర్ ఎల్. డి. స్వామికన్ను పిళ్లె (1865-1925). మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయము వారు దీనిని 1922లో అనేక సంపుటములుగా ప్రకటించిరి. క్రీ.శ. 700 మొదలు 1799 వరకు, అనగా సరిగా 1100 సంవత్సరములకు, దినదినమునకు వారము, తిథి, నక్షత్రము ఇందు లెక్కకట్టి యున్నవి. పిళ్లె వృత్తిచేత జ్యోతిష్కుడు కాడు, ప్రభుత్వోద్యోగి. కడపటి దినములలో మద్రాసు శాసనమండలికి అధ్యక్షుడైనాడు. చట్టమునకును, రాతిపై చెక్కిన వ్రాతకును తెలుగులో 'శాసనము' అను మాట ఒక్కటే. ఒక శాసనములను చేయు సభకు పెద్దయై, వేరొక శాసనములకు కాలము కట్టినవాడు ఈయన తప్ప మరియొకడు ఉన్నట్లు తోచదు.

ఈ గ్రంథము గొప్పదనము తెలియవలెనన్న దీనికి ముందున్న దానిని చూడవలెను. 1896లో రాబర్ట్ సీవెల్, శంకర బాలకృష్ణ దీక్షితులు కలిసి 'ది ఇండియన్ క్యాలెండర్' ప్రకటించిరి. శాస్త్రదృష్టిలో అది నేటికిని మన్నింపదగిన పుస్తకము. కాని ఒక్క తేదీకై పట్టిక తరువాత పట్టిక వెదకి, కూడికలు తీసివేతలు చేసి, నడుమ ఒక అంకె తప్పినచో మరల మొదటికి రావలసి యుండెను. పిళ్లె ఆ శ్రమనంతయు తానే పడి, జవాబులనే అచ్చువేసినాడు. తిథి ముగియు వేళను గడియలు విగడియలలో కాక దినములో దశాంశములుగా ఇచ్చినాడు. సూర్యోదయము మొదలు .50 అనగా 30 గడియలు, సాయంకాలమన్నమాట. అంకగణితము వచ్చిన ఏ తొమ్మిదవ తరగతి బాలుడైనను దీనిని చదువగలడు. ఈ ఒక్క మార్పు పంచాంగమును పండితుని గదినుండి బడి బల్లమీదికి తెచ్చినది.

ఇంత సులభమైన గ్రంథమునందే ఒక చిక్కు కలదు. జవాబు చేతికి వచ్చిన తరువాత ప్రశ్న ఏమో మరచిపోవుట మానవ స్వభావము. ఈ పట్టికలు 'ఈ తిథి, ఈ వారము ఫలాని దినమున కలిసినవి' అని చెప్పును. 'ఆ దినమున ఈ పని జరిగినది' అని చెప్పవు. ఈ రెంటికి నడుమ గల దూరమును వాడుకరులు తరచు ఒక్క అంగలో దాటివేయుచున్నారు. గ్రంథకర్త కూడ ఒకటి రెండు చోట్ల దాటినాడు.

ముందుగా పుస్తకము సరిగా పనిచేయు ఉదాహరణమును చూతము. కృష్ణదేవరాయలు తిరుమల శ్రీవేంకటేశ్వరుని మొదట దర్శించిన దినము 1513 ఫిబ్రవరి 10 అని చరిత్రకారులు వ్రాయుదురు. పంచాంగపు మాటలలో ఆ దినము శక 1434, ఆంగీరస సంవత్సర ఫాల్గుణ శుద్ధ పంచమి, గురువారము. శకవర్షమునకు 12 కలిపి 60 చేత భాగించినచో వచ్చు శేషమే మన దేశమున సంవత్సర సంఖ్య. 1434కు 12 కలుపగా 1446, శేషము 6. ప్రభవ మొదలు ఆరవది ఆంగీరస. ఏడు సరిపోయినది. ఇచ్చట శకవర్షమును గడచిన వర్షముగా తీసికొనవలెనని మరువరాదు. జరుగుచున్న వర్షమును చెప్పిన శాసనములును కలవు. వానిని గుర్తింపకున్న లెక్క ఒక ఏడు అటో ఇటో తప్పును. సంవత్సర నామము ఉన్నచోట ఈ తప్పు వెంటనే బయటపడును. అరువది పేర్ల చక్రము మనవారు పెట్టుకొన్న మంచి కాపలా.

ఇక వారము. దీనికి పట్టిక కూడ అక్కరలేదు. 1583లో జోసెఫ్ స్కాలిజరు చరిత్రకాలమునంతటిని ఒకే వరుసలో లెక్కించుటకై క్రీ.పూ. 4713 జనవరి 1ని మొదలుగా గొన్న ఒక మహాయుగమును ఏర్పరచెను. ఆ మొదటి దినము సోమవారము. తరువాతి ఖగోళజ్ఞులు అచ్చటినుండియే దినములను వరుసగా లెక్కించుచున్నారు. మన సిద్ధాంత గ్రంథములలోని అహర్గణమును ఇట్టిదే. అది కలియుగాదినుండి ఎంచుదురు, అంతే భేదము. క్రీ.పూ. 4713 జనవరి 1 మొదలు క్రీ.శ. 1513 జనవరి 1 వరకు 6225 సంవత్సరములు. ఒక్కొక్క ఏటికి 365 చొప్పున 22,72,125 దినములు. నాలుగేండ్ల కొకటి చొప్పున అధిక దినములు 1557. జనవరి 1 నుండి ఫిబ్రవరి 10కి 40. మొత్తము 22,73,722. దీనిని 7 చేత భాగింపగా శేషము 3. సోమవారమును సున్నగా పెట్టుకొన్నచో మూడు గురువారము. తరగతిలో నల్లబల్లమీద అయిదు నిమిషముల పని.

తిథిని కూడ ఇంచుమించుగా పట్టవచ్చును. చంద్రుని సగటు మాసము 29.530589 దినములు. 2000 జనవరి 6 నాటి సగటు అమావాస్య పై వరుసలో 24,51,550.10 వద్ద పడినది. 1513 ఫిబ్రవరి 10 సూర్యోదయము తిరుమలలో 22,73,721.55. రెంటికి భేదము 1,77,828.55 దినములు. 6022 చాంద్రమాసములకు 1,77,833.21 దినములు. కాబట్టి ఆ ఉదయమునకు 4.66 దినములకు ముందు సగటు అమావాస్య గడచినది. ఒక తిథి సగటున 0.984 దినము. 4.66ను దానిచే భాగింపగా 4.73 వచ్చును. నాలుగు తిథులు పూర్తియై, అయిదవది నడచుచున్నది. అది పంచమియే. సగటు లెక్కలో కొన్ని గంటల తేడా రావచ్చునుగాని, ఇచ్చట స్ఫుటగణితము చేసినను పంచమియే నిలుచును.

ఇప్పుడు గ్రంథముయొక్క మొదటి లోపమునకు వత్తము. అది గ్రంథమునందు గాక, దానిని ఎత్తి వ్రాయువారియందే ఎక్కువగా కలదు. 1513 ఫిబ్రవరి 10 అన్నది జూలియను క్యాలెండరు తేదీ. నేడు మన గోడలపై వ్రేలాడు గ్రెగోరియను క్యాలెండరు 1582 అక్టోబరులో రోములో పుట్టినది. అక్టోబరు 4 గురువారము కాగా మరునాడు అక్టోబరు 15 శుక్రవారమైనది. ఇంగ్లండును, ఆ దేశపు అధికారము క్రింది ప్రదేశములును 1752 సెప్టెంబరులో గాని దీనిని అనుసరింపలేదు. తేదీలు దుమికినవిగాని వారములు దుమకలేదు. ఇది ముఖ్యము. చురుకైన విద్యార్థి ఒకడు నేటి సూత్రముతో, లేక నేటి కంప్యూటరుతో, 1513 ఫిబ్రవరి 10కి వారము కట్టినచో సోమవారమని వచ్చును. పెక్కు కంప్యూటరు భాషలు గ్రెగోరియను నియమమునే వెనుకకు కూడ పొడిగించును. అప్పుడు ఆ బాలుడు శాసనము తప్పని తేల్చిననేమి? తప్పు శాసనమునది కాదు, బాలునిది కాదు. తేదీ ప్రక్కన 'పాత లెక్క' అని రెండు మాటలు వ్రాయని పాఠ్యపుస్తకముది. నేటి లెక్కలో ఆ దినము ఫిబ్రవరి 20. ఉత్సవ సంఘములవారు అయిదు వందల ఏండ్ల వార్షికోత్సవములను జరుపునపుడు ఏ లెక్కతో జరుపుచున్నారో చెప్పుట మంచిది. తిథి ప్రకారము జరుపుట అంతకంటె మంచిది, ఏలయన రాతిపై ఉన్నది తిథియే.

రెండవ లోపము గ్రంథములోనిదే. తిథి ముగియు వేళలు ఉజ్జయినీ రేఖమీది మధ్యమ సూర్యోదయమునుండి ఎంచినవి. ఉజ్జయినికంటె రేణిగుంట ఇంచుమించు మూడు డిగ్రీల ముప్పాతిక తూర్పున ఉన్నది. ఇచ్చట సూర్యుడు పావుగంట ముందు ఉదయించును. దీనికి తోడు చలికాలములో ఒక గడియ వరకు ఆలస్యముగాను, వేసవిలో అంత ముందుగాను ఉదయించును. పట్టికలో తిథి .40 వద్ద ముగిసినచో దీనివలన బాధలేదు. .01 వద్దనో .99 వద్దనో ముగిసినచో తిథి ఒక దినము మారవచ్చును. పిళ్లె ఈ సవరణను ఉపోద్ఘాతములో వివరించినాడు. కాని పట్టికను తెరచినవాడు ఉపోద్ఘాతమును చదువడు. అనుమానాస్పదమైన దినముల ప్రక్కన ఒక చుక్క పెట్టియున్నచో ఎన్నో వాదములు పుట్టకపోయెడివి.

దీనికి సంబంధించినదే మరియొక ఆక్షేపణ తరచు వినబడును: పిళ్లె పాత సూర్యసిద్ధాంతము ననుసరించినాడు, అది ఆకాశముతో సరిపోదు, కాబట్టి పట్టికలు తప్పు అని. ఈ ఆక్షేపణ నిలువదు. సూర్యసిద్ధాంతము చంద్రుని గతికి ఒక్క ప్రధాన సంస్కారమునే చేయును. దానిచేత అష్టమి ప్రాంతమున తిథ్యంతము నిజమైన వేళకు కొన్ని గంటలు తేడా పడుట సత్యమే. కాని రాజాస్థానములోని జ్యోతిష్కుడు దూరదర్శినితో చూచి తిథి వ్రాయలేదు. తనకు తెలిసిన సిద్ధాంతముతో గుణించి వ్రాసినాడు. ఆయన వ్రాసిన తిథిని తిరిగి పట్టవలెనన్న ఆయన లెక్కనే చేయవలెను. ఆకాశమునకు దగ్గరైన లెక్క శాసనమునకు దూరము కావచ్చును. ఈ వివేకమును పిళ్లె చూపినాడు. జపాను పండితుడు మిచియో యానో ఇటీవలి కాలమున కంప్యూటరు కొరకు చేసిన పంచాంగ గణితము కూడ సూర్యసిద్ధాంతము మీదనే నిర్మింపబడినది. కారణమిదే.

అసలు విమర్శ ఇక్కడనుండి ప్రారంభము కావలెను. శాసనములోని వారము లెక్కతో సరిపోయినచో శాసనము నిజమైనదనియు, సరిపోకున్న కూటశాసనమనియు ఒక వాడుక బలిసినది. సరిపోనపుడు అనుమానింపవలసినదే. దానిని కూడ శిల్పి పొరపాటో, పాఠము చదివినవాని పొరపాటో అని ముందు విచారింపవలెను. సరిపోయినంత మాత్రమున నమ్మవచ్చునా? వారములు ఏడు. కన్నులు మూసికొని ఏదో ఒక వారము వ్రాసినను ఏడింట ఒకసారి సరిపోవును. పంచాంగము తెలిసిన మోసగాడు వ్రాసినచో ప్రతిసారియు సరిపోవును. వారము కలియుట సాక్ష్యమే. కాని ఏడింట ఒక వంతు బలముగల సాక్ష్యము. సంవత్సరము, మాసము, తిథి, వారము, రాజు పేరు, లిపి ఇవన్నియు ఒకదానినొకటి బలపరచినపుడే దానికి విలువ.

సంవత్సరమే చెప్పనిచోట ఏమగును? మాసము, పక్షము, తిథి చెప్పినచో ఏటికి ఒక దినము నిలుచును. వారము కూడ చెప్పినచో ఏడేండ్లకొకటి చొప్పున నిలుచును. పిళ్లె పట్టికలోని 1100 ఏండ్లలో అట్టి దినములు ఇంచుమించు 157. నక్షత్రము చేర్చిన ఇంకను బిగియునని తోచును. కాని మాసమును తిథిని చెప్పిన తరువాత నక్షత్రము రెండు మూడింటిలో ఒకటి కాక తప్పదు. కాబట్టి అది కొత్త సాక్ష్యము కాదు, సగము పాతదే. అప్పటికిని యాభైకి మించిన దినములు మిగులును. వీనిలో దేనిని ఎన్నుకొనవలెనో పట్టిక చెప్పదు. ఎన్నుకొనువాని మనస్సు చెప్పును.

తమిళ కావ్యము శిలప్పదికారము విషయములో పిళ్లె ఈ గోతిలోనే పడినాడు. మదుర తగులబడిన దినము ఆడి మాసము, కృష్ణపక్ష అష్టమి, కృత్తిక, శుక్రవారమని సంప్రదాయము. సంవత్సరము లేదు. పిళ్లె గుణించి 756 జూలై 23 అని తేల్చినాడు. గణితములో దోషము లేదు. ఆ దినము శుక్రవారమే, చంద్రుడు కృష్ణాష్టమి ప్రాంతముననే ఉన్నాడు. కాని కావ్యకాలము ఎనిమిదవ శతాబ్దమని పెక్కు పండితులు అంగీకరింపలేదు. భాషయు, రాజుల పేర్లును, వాణిజ్య వర్ణనలును వేరొక కాలమును సూచించుచున్నవని వారి వాదము. వారి వాదములలో ఏది నెగ్గినను పిళ్లె లెక్కకు భంగము లేదు, పిళ్లె నిర్ణయమునకు మాత్రము ఆధారము లేదు. తాళపుచెవి తలుపును తెరచినదనుట వేరు. ఆ తాళపుచెవితో తెరచుకొను తలుపులు యాభై ఉన్నవని తెలిసికొనుట వేరు. ఇంత జాగరూకుడైన గణకుడు ఈ చోట ఎట్లు ఏమరెనో ఆశ్చర్యముగా నుండును.

గుడిమల్లము రాళ్ళు ఇందుకు సరిగా ఎదురు పాఠము. పరశురామేశ్వరాలయములోని బాణరాజుల శాసనములను వి. వెంకయ్య 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించెను. వానిలో కొన్ని పల్లవరాజుల పాలన సంవత్సరములనే చెప్పును. పిళ్లె సంపుటములన్నియు ముందు పరచుకొన్నను ఇట్టి రాతికి తేదీ కట్టజాలము. రాజు ఏ యేట పట్టమెక్కెనో వేరొక చోటనుండి తెలియవలెను. ఈ యాలయమును రాతితో పునర్నిర్మించుట విక్రమచోళుని తొమ్మిదవ ఏట, 1126లో, జరిగినదని గ్రంథములు చెప్పును. ఆ 1126 గుడిమల్లములో పుట్టిన అంకె కాదు. జర్మను పండితుడు కీల్‌హార్ను చోళరాజుల శాసనములను దేశమంతట ఏరి, పాలన సంవత్సరముతోపాటు తిథి, వార, నక్షత్రములు గలవానిని వేరుచేసి, అవి అన్నియు ఒకేసారి సరిపడు పట్టాభిషేక కాలమును వెదకెను. విక్రమచోళునికి అది 1118 నడిమి భాగమని తేలెను. ఒక్క శాసనము ఏడింట ఒక వంతు బలము కలదైనను, పది శాసనములు ఒకే ఆరంభమునకు ఒప్పుకొన్నచో కాకతాళీయమనుటకు చోటుండదు. అట్లు ఎక్కడనో ఒక గుడి గోడమీది సోమవారము గుడిమల్లములోని తేదీలేని రాతికి కాలమిచ్చినది. పంచాంగ గణితముయొక్క ఉత్తమ ప్రయోజనము ఇది. అదే ఆలయములోని ప్రసిద్ధ లింగమునకు ఈ ఉపాయము కూడ పనికిరాదు. దానిపై తేదీ లేదు, రాజు పేరు లేదు. శిల్పరీతినిబట్టి క్రీస్తుకు పూర్వమని కొందరు, ఎంతో తరువాతిదని కొందరు చెప్పుచున్నారు. అంకెలు మౌనము వహింపవలసిన చోటు.

ఇక శ్రీకాళహస్తి. కృష్ణదేవరాయల తరువాత ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజ్యమునకు వచ్చెను. అంతకు పూర్వము అచ్యుతుని చంద్రగిరి దుర్గములో ఉంచిరని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. విరోధి సంవత్సర కార్తిక బహుళ పంచమినాడు శ్రీకాళహస్తిలో అచ్యుతునికి పట్టాభిషేకము జరిగినట్లు అచ్చటి శాసనము చెప్పును. లెక్కకట్టగా అది 1529 అక్టోబరు 21. కృష్ణదేవరాయలు ఏనాడు మరణించెనో మాత్రము చిరకాలము తెలియలేదు. ఆయన కడపటి శాసనములకును, తమ్ముని మొదటి శాసనములకును నడుమ ఎక్కడనో అని చరిత్రకారులు సరిపెట్టుకొనిరి. 2021లో కర్ణాటకమున తుమకూరు సమీపములోని హొన్నేనహళ్ళిలో ఒక కన్నడ శాసనము బయటపడినది. దానిప్రకారము ఆ మరణము 1529 అక్టోబరు 17 ఆదివారమున అని శాసన పరిశోధకులు ప్రకటించిరి. ఆనాడు చంద్రగ్రహణము కూడ సంభవించెనని పత్రికలు వ్రాసినవి.

దీనిని పరీక్షింతము. పై పద్ధతిని అక్టోబరు 17కు దినసంఖ్య 22,79,815. ఏడు చేత భాగింపగా శేషము 6, ఆదివారమే. చంద్రుడు? ఆ దినము నడిమి వేళకు పూర్ణిమ సరిగా కుదురుచున్నది, మాసము కార్తికము. బహుళ పంచమి అక్టోబరు 21న ఉదయమునకు నడచుచున్నది. శ్రీకాళహస్తి రాయియు, హొన్నేనహళ్ళి రాయియు వేరువేరు చోట్ల ఉండియు ఒకే చాంద్రమాసములో చక్కగా అమరినవి. ఒక్క వారము కలియుటకంటె ఇది ఎక్కువ బలముగల సాక్ష్యము.

గ్రహణపు మాట మాత్రము ఆలోచింపదగినది. గ్రహణము జరిగినది నిజమే. చంద్రుడు రాహుకేతు బిందువులకు మిక్కిలి చేరువలో ఉన్నాడు, అది సంపూర్ణ గ్రహణము కాదగినది. కాని పూర్ణిమాంతము మన గడియారమున పగలు పన్నెండున్నర ప్రాంతమున పడినది. పూర్ణిమ చంద్రుడు సూర్యాస్తమయమునకు గాని ఉదయింపడు. గ్రహణము నడచిన వేళ చంద్రుడు మన పాదముల క్రింద, భూమికి ఆవలివైపున ఉన్నాడు. తుమకూరులోగాని, హంపిలోగాని, తిరుమలలోగాని ఆ గ్రహణమును ఎవ్వరును చూచియుండరు. 1887లో వియన్నాలో అచ్చయిన ఓపోల్జరు గ్రహణావళిలో 8000 సూర్యగ్రహణములు, 5200 చంద్రగ్రహణములు ఉన్నవి. అందున్నవి భూమిమీద ఎక్కడైనను కనబడు గ్రహణములు. పట్టికలో గ్రహణము ఉన్నదని చూచి మన ఊరిలో కనబడినదని వ్రాయుట నేటికిని మానని అలవాటు. 'రాజు మరణించిన రాత్రి చంద్రుడు నల్లబడెను' అని కథ చెప్పుటకు ఇంపుగానే ఉండును. ఆ రాత్రి చంద్రుడు నిండుగా, ఏ మచ్చయు లేక, ఉదయించెను.

అక్టోబరు 17కును 21కిని నడుమ నాలుగు దినములు. చంద్రగిరినుండి శ్రీకాళహస్తికి నేటి దారి తిరుపతి, రేణిగుంటల మీదుగనే పోవును; ఒక దినపు ప్రయాణము. వార్త విజయనగరమునుండి బయలుదేరినదనుకొన్నచో హంపికిని చంద్రగిరికిని సూటిగా కొలిచినను 350 కిలోమీటర్లకు పైన. మూడు దినములలో వార్త రావలెను, అచ్యుతుడు కదలవలెను, అభిషేకమునకు ఏర్పాటు జరుగవలెను. మార్పుగుర్రములపై వార్తాహరులు పరుగెత్తినచో అసాధ్యము కాదు. కాని తీరిక లేదు. లేదా అన్న బ్రతికియుండగానే తమ్ముని వారసునిగా నిర్ణయించుటచేత ఏర్పాట్లు ముందే మొదలైనవా? నూనిజ్ వ్రాతలో అట్టి నిర్ణయము ప్రసక్తి కలదు. ఇట్టి ప్రశ్న పుట్టుటయే పంచాంగ గణితము చరిత్రకు చేసిన ఉపకారము. రెండు తేదీలును 1529 అని మాత్రమే తెలిసియుండిన ఈ ప్రశ్న ఎవరికిని తట్టదు. జవాబు మాత్రము పట్టికలో లేదు. దానిని లేఖలలో, మార్గములలో, మరిన్ని రాళ్ళలో వెదకవలెను.

పిళ్లె సంపుటములు ఇప్పుడు అంతర్జాల గ్రంథాలయములలో ఉచితముగా దొరకుచున్నవి. భాష ఇంగ్లీషు, సంకేతములు మెండు, ఉపోద్ఘాతములో జాతకముల చర్చ కలిసియుండి కొత్తవానిని తికమక పెట్టును. తెలుగు పాఠశాలలకు 1100 ఏండ్ల పట్టికతో పని లేదు. విజయనగర కాలమునకు మాత్రము, 1336 మొదలు 1650 వరకు, పాత కొత్త తేదీలు రెండును ప్రక్కప్రక్కన ఉంచి, గ్రహణములలో మన దేశమున కనబడినవానిని వేరుగా గుర్తించి, ఒక చిన్న పుస్తకము వచ్చినచో చాలును. అంతవరకు ఉపాధ్యాయులు పై దినసంఖ్యతోనే పని జరుపుకొనవచ్చును. రాయల తిరుమల యాత్రలలో మరియొకటి 1517 జనవరి 2న జరిగినది. శక 1438కి సంవత్సర నామమేదో, ఆ దినము ఏ వారమో, ఏ తిథియో విద్యార్థులు కట్టి చూతురుగాక. క్రీ.పూ. 4713 నుండి 6229 ఏండ్లు, అధిక దినములు 1558. ఏడు చేత భాగింపగా శేషము 4 రావలెను, అనగా శుక్రవారము. సంవత్సరము ధాత. తిథి పుష్య శుద్ధ దశమికి సరిపడవలెను.